వేలికి తెలిసిన అర

నూట పన్నెండో పేజీలో ముసలి పడవవాడు నవ్వుతాడు. కిందటిసారి ఆ నవ్వు ఎలా నవ్విందో ఆమెకు గుర్తు రాలేదు. రికార్డరు ఆపి, గ్లాసులో నీళ్లు రెండు గుక్కలు తాగి, మళ్లీ నవ్వి చూసింది. పడవవాడు నవ్వినట్టు లేదు, దగ్గు మందు తాగినవాడిలా ఉంది.

పోయిన ఏడాది ఇదే గదిలో, ఇదే కుర్చీలో పదకొండు వారాలు కూర్చుని ఆ నవల మొత్తం చదివింది. చూపు లేనివాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే లైబ్రరీ అది. సోమవారం, గురువారం ఇంట్లో పనయ్యాక వచ్చి రెండేసి గంటలు చదువుతుంది. ఆ పదకొండు వారాల గొంతు ఇప్పుడు ఎక్కడా లేదు. కిందటి నెల ఒక డిస్కు తీయబోయి ఇంకో డిస్కు తీసి, తుక్కు చేసేవాళ్ల చేతిలో పెట్టేశారు. దానితో నూట నలభై పుస్తకాలు పోయాయి. అందులో ఆమె చదివినవి తొమ్మిది.

గుడ్డ తాపడం చేసిన బరువు తలుపు తోసుకుని వసారాలోకి వచ్చింది. గోడవారగా కొత్తగా వేసిన చిన్న బల్ల దగ్గర పెట్టె మాస్టారు ఫోనులో మాట్లాడుతున్నారు. డిస్కులుండే యంత్రాన్ని అక్కడ అందరూ పెట్టె అంటారు. దాన్ని పదహారేళ్లుగా చూసుకున్న మనిషి కాబట్టి ఆయన పెట్టె మాస్టారు. ఇప్పుడు మాత్రం పెట్టె గదికి తాళం వేసి ఉంది, మాస్టారు ఫోనుకు కాపలా ఉన్నారు.

"ఎన్నో నిమిషం దగ్గర తల్లీ, పాఠం నత్తి కొడుతోంది? పద్నాలుగా? అంతకుముందు బాగానే ఉందా? మొన్న ఎక్కడ కొట్టింది?" అంటూ దళసరి కాగితం మీద ములుకుతో టకటకా బ్రెయిలీ చుక్కలు గుచ్చి రాసుకుంటున్నారు. "పరీక్ష ఎప్పుడు? మూడు వారాలా? సరే. కంగారు పడకు. నాకు తెలిసిపోయింది."

ఫోను పెట్టేసి తల కాస్త పక్కకి వంచారు. "చదివే అమ్మ కదూ? ఇవాళ చెప్పులు మార్చారు."

"అవును మాస్టారూ."

"పాతవే నయం. ఇవి మీకంటే ముందు మాట్లాడేస్తున్నాయి."

ఆమె నవ్వింది. మామూలుగా అయితే అక్కడితో వెళ్లిపోయేది. బల్ల మీద ఫోను పక్కన ఆయన వేళ్లు ఊరికే పడుకుని ఉండటం చూసి ఆగింది. పాపం అనుకుంది. తప్పు చేసిన మనిషే కావచ్చు, కానీ పదహారేళ్ల పని నుంచి లేపి ఇలా గోడవార కూర్చోబెట్టాలా?

కార్యదర్శి గదిలోకి వెళ్లి ఆ మాటే అంది. ఆయన ఏదో పెద్ద ఆఫీసులో పనిచేసి రిటైరై, జీతం లేకుండా ఈ లైబ్రరీని నడిపే మనిషి. పెన్సిళ్లన్నీ మొన ఒకేవైపు ఉండేలా పెట్టుకుంటారు.

"చూడమ్మా, ఆయన మీద నాకేం కోపం?" అన్నారు. "ఆ రోజు ఆయనకి జ్వరం. ఫోను చేసి, ఖాళీ చేసిన డిస్కు ఏదండీ అని అడిగాను. మూడోది, నేను గుర్తు పెట్టి ఉంచాను, తీసెయ్యండి అన్నారు. మూడు అని రాసి ఉన్నదే తీయించాను. తీరా చూస్తే కథలన్నీ అందులోనే ఉన్నాయి! అదేమంటే పెట్టె మీద నా గుర్తులు వేరే ఉన్నాయి, ఎవరో చెరిపేశారు అంటారు. ఏ గుర్తులు? పెట్టె మీద ఏమైనా ఉంటే నాకు కనబడదా?" కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నిజం చెప్పాలంటే మీరు వేసవిలో దాన్ని తుడిచి ఆ చీటీలు అంటించబట్టి కానీ, ఏది ఏదో మాకెవరికీ తెలిసేదే కాదు. మరకలు పట్టి చూడ్డానికే అసహ్యంగా ఉండేది. అద్దంలా చేశారు."

ఆమెకు ఆ మాట లోపల కాస్త హాయిగానే తగిలింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. స్కేలు పెట్టి కత్తిరించి, నల్ల సిరాతో రాసి, ఎడమనుంచి కుడికి తనే అంటించింది.

"ఇప్పుడు ఇంకో డిస్కు చెడుతోంది. రెండో డిస్కులో లోపం అని తెర మీద వస్తోంది," అన్నారు కార్యదర్శి. "గురువారం కంపెనీ మనిషి కొత్తది తెస్తాడు. పాతది పట్టుకుపోయి తుక్కు చేస్తాడు. ఈసారి నేనే దగ్గరుండి తీయిస్తా."

"పాఠాలున్నది అందులోనేనండీ." మాస్టారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. "పిల్లలు ఫోన్లు చేస్తున్నారు. తీసేలోగా అందులోవి వేరే చోటికి ఎక్కించాలి. ఏ అరలో ఉందో కూడా చూడాలి. అరగంట చాలు."

"రెండో అరలో ఉంది మాస్టారూ. రాసే ఉంది."

"రాసిన చెయ్యి నాది కాదు కదండీ."

కార్యదర్శి పెన్సిలు ఒకటి తీసి మళ్లీ అక్కడే పెట్టారు. ఏ తలనొప్పీ వద్దన్నట్టు చివరికి తాళంచెవి మాస్టారికి కాకుండా ఆమె చేతికిచ్చారు. "మీరు దగ్గరుంటే సరే. ఏమీ బయటికి లాగనివ్వకండి."

పదహారేళ్లు ఆయన జేబులో ఉన్న తాళంచెవి అది. దాని పిడికి కట్టిన ముతక దారం ఆయన కట్టుకున్నదే. ఆమె అరచేతిలో అది వేడిగా ఉంది.

*

గదిలో పెద్ద బీరువాకి సగం ఎత్తున నల్ల యంత్రం. ముందువైపు పక్కపక్కనే నిలువుగా నాలుగు అరలు, ఒక్కో అరకూ పిడి. మూడోది ఇప్పుడు నోరు తెరుచుకుని ఖాళీగా ఉంది. మిగతా మూడింటి నుంచీ సన్నటి రొద. అప్పుడప్పుడు లోపలెక్కడో పళ్లు కొరికిన చప్పుడు.

"మీ కళ్లు కాసేపు అప్పు కావాలి," అన్నారు మాస్టారు కుర్చీ లాక్కుంటూ. "కానీ ముందు నా పని అవనివ్వండి. మీవి చివర్లో."

కీబోర్డు మీద వేళ్లు పరిగెత్తాయి. కంప్యూటరు తెర మీద వచ్చేదల్లా గొంతుతో చదివి వినిపిస్తోంది. ఆ వేగానికి ఆమెకు ఒక్క ముక్కా అర్థం కాలేదు, రేకుల మీద వడగళ్లు పడ్డట్టుంది. ఆయన మాత్రం తలాడిస్తూ, మధ్యలో "ఊఁ, తెలుసులే" అంటూ దాంతో మాట్లాడుతున్నారు.

"'పుస్తకాలు' అనే ఫోల్డరు తెరిస్తే లోపల 'కథలు', 'పాఠాలు', 'చరిత్ర' కనబడతాయి కదా?" అన్నారు. "అందరూ ఒకే ఇంట్లో మూడు గదులనుకుంటారు. కాదు. మూడూ మూడు ఇళ్లు. లోపల్లోపల తలుపులు కలిపింది నేను. నడిచేవాడికి గడప తగలదు, అంతే."

"మరి ఏది ఏ డిస్కులో ఉందో ఎలా తెలుస్తుంది?"

"అడగాలి. పేరు చూసి ఊహించకూడదు." ఇంకేదో కొట్టారు. "ఈ దారి ఏ డిస్కులోకి పోతుందయ్యా అని అడిగా. ఫలానా దాంట్లోకి అంది. అక్కడితో ఆగిపోతే చెడతాం. యంత్రం లేవగానే ఏ డిస్కు ముందు పలికితే అది మొదటిది దీనికి. రేపు ఆపి మళ్లీ లేపితే ఇంకోటి ముందు పలకొచ్చు. అందుకని పుట్టుమచ్చ అడగాలి."

"పుట్టుమచ్చేమిటి?"

"తయారుచేసినవాడు వేసిన నంబరు. అది మారదు. రాసుకోండి."

ఈసారి ఆమె కోసం గొంతు వేగం తగ్గించారు. ఆమె సంచిలోంచి చిన్న కాగితం తీసి, ఒక్కో అక్షరం, ఒక్కో అంకె రాసుకుంది. చివరి నాలుగూ 4, 7, జె, 2. ఆయన తిరిగి చెప్పమన్నారు. చెప్పింది. ఇంకోసారి వెనకనుంచి చెప్పమన్నారు. ఇంట్లో సామాను పట్టీ తను ఇలాగే రెండుసార్లు చదివించుకుంటుందని గుర్తొచ్చి ఆమెకు ముచ్చటేసింది.

"ఆ నంబరు డిస్కు ఒంటి మీద చీటీలో ఉంటుంది. కానీ బయటికి లాగితే గాని కనబడదు. నడుస్తున్నదాన్ని ఊరికే లాగకూడదు. ఆపుదామా అంటే జబ్బుది, మళ్లీ లేస్తుందో లేవదో."

"ముందు లైట్లున్నాయిగా? పని చేస్తున్నదాని లైటు మిణుకుమంటుందేమో, నేను చూసి చెప్పనా?"

"అవి పోయి రెండేళ్లయిందట. నాకా లోటు తెలీలేదు."

ఆమె నవ్వబోయి ఆపుకుంది. ఆయనే నవ్వాక తనూ నవ్వింది.

"ఇప్పుడు చూడండి. పాఠాల్లో బాగా పెద్దది ఒకటి చదవమంటున్నా. మూడు సెకన్లు చదువు, మూడు సెకన్లు ఆగు. చదివింది ఎక్కడా దాచొద్దు, చదివి వదిలెయ్. అలా చేస్తూనే ఉండు." ఆఖరి మీట నొక్కి లేచారు. నాలుగడుగులు వేసి, తడుముకోకుండా పెట్టె ముందు సరిగ్గా ఆగారు. చొక్కా అంచుకు వేళ్లు తుడుచుకుని ఉంగరపువేలు ఒక్కటే చాచారు.

"చూపుడువేలు కాదా?"

"అది చదవడానికి. మొద్దుబారింది. వినడానికి ఇదే."

కుడి చివరి అర మీద వేలు ఆనించి నిలబడ్డారు. ఊపిరి కూడా మెల్లగా తీస్తున్నారు. పెదవులు లెక్కపెడుతున్నట్టు కదిలాయి. తల అడ్డంగా ఊపి, ఖాళీ అర దాటి, రెండోదాని మీద పెట్టారు. అక్కడ ఎక్కువసేపే ఉన్నారు. ఒకసారి వేలు తీసి, గాలిలో ఆడించి, మళ్లీ ఆనించారు. తరవాత ఎడమ చివరి అర. ఆ అర మీద వేలు పెట్టగానే ఆయన మొహం నిద్రపోయే బిడ్డ చెయ్యి దొరికిన తల్లి మొహంలా అయింది.

"ఇదిగో. ఇక్కడుంది. రండి, మీరూ చూడండి."

ఆమె వేలు పెట్టింది. అంతా ఒకటే గుర్రుమంటోంది. "అన్నీ ఒకేలా ఉన్నాయి మాస్టారూ."

"కళ్లు మూసుకోండి. ఆ గుర్రు ఫానుది. దాన్ని వదిలెయ్యండి. దాని అడుగున వెతకండి."

కళ్లు మూసుకుంది. కాసేపటికి గుర్రు అడుగున సన్నటి గరగర తెలిసింది, పిల్లి గొంతులో ఉన్నట్టు. ఒకటి, రెండు, మూడు. ఆగింది. ఒకటి, రెండు, మూడు. మళ్లీ మొదలైంది.

"తెలిసింది!" అంది చిన్నపిల్లలా. మిగతా రెండింటి మీదా పెట్టి చూసింది. వాటిలో లేదు. ఎక్కడో పిల్లలు వినే పాఠం తన వేలి కింద మేలుకుంటూ నిద్రపోతూ ఉంది. ఇన్నేళ్లుగా తన గొంతు ఎక్కడికి పోతోందో ఎన్నడూ ఆలోచించలేదు. ఈ మనిషి దాన్ని ఇలా వేలితో పట్టుకుని చూసుకుంటూ వచ్చాడన్నమాట.

కళ్లు తెరిచింది. ఆ అర మీద తన చేతిరాతతో 'ఒకటి' అని ఉంది.

"తెర మీద రెండు అని కదా వచ్చింది?" అంది.

"అది నా రెండు. డిస్కులు కొన్న వరసలో పేర్లు పెట్టుకున్నా. మొదటిది కొన్నప్పుడు మూడో అరకే డిస్కు పట్టే తొడుగు ఉంది, అందులో పెట్టాం. అరల వరస వేరు, నా వరస వేరు." ఆయన వేలు పిడి కింద నున్నటి రేకు మీద ఏదో వెతుకుతున్నట్టు రెండుసార్లు తిరిగింది. "ఇక్కడ నాకు రెండు చుక్కలుండేవి. జిగురుతో పెట్టుకున్నా. ఒక్కో అరవీ ఎండి గట్టిపడటానికి మూడు రోజులు. ఒకటి, రెండు, మూడు, నాలుగు చుక్కలు. ఖాళీ చేసింది మూడు చుక్కలది, కుడి చివర. అది ఇంకా పెట్టెలోనే ఉంది, చూడండి. జ్వరం తగ్గి వచ్చి తడిమితే ఒక్క చుక్కా లేదు. ఎవరు గీకారండీ అంటే, అసలుంటే కదా అన్నారు."

ఆమె వేలు ఇంకా రేకు మీదే ఉంది.

వేసవిలో ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. కారి ఎండిపోయిన పసుపురంగు మరకలు. తడిబట్టకు పోలేదు. చాకుతో అయితే గీతలు పడతాయని గోటితో, ఓపిగ్గా, ఒక్కోదాన్నీ ఊడదీసింది. ఒక అర మీద నాలుగుండటం చూసి, ఇంత చిందరవందరగా జిగురు ఎవరు పోశారో అని విసుక్కుంది కూడా.

"మాస్టారూ," అంది.

"ఊఁ?"

ఆమె కాగితం మడిచి సంచిలో వేసింది.

"కాగితం... కాగితం జాగ్రత్తగా పెట్టాను."

"పెట్టండి." ఆయన అప్పటికే కుర్చీలోకి వెళ్లిపోయారు. "ఖాళీది దొరికింది కదా, పాఠాలు అందులోకి ఎక్కిస్తా. జబ్బు మనిషిని నడిపించినట్టు మెల్లగా. బుధవారానికి అయిపోతుంది."

*

అత్తగారి మందుల డబ్బా సర్దడం సోమవారం సాయంత్రం పని. రెండు సీసాలూ ఒకేలా ఉంటాయి, రాత చీమతలకాయంత. ఒకదాని మెడకు ముడివేసిన ఎర్ర దారం నూనె పట్టి నల్లబడి ఉంది. అలవాటుగా ఆమె కత్తెర అందుకుంది.

"ఆ దారం ముట్టుకోకు," అన్నారు అత్తగారు మంచం మీంచి. "అది పొద్దుటిది. దారం లేనిది రాత్రిది. నీకు మురికి, నాకు కన్ను."

కత్తెర కింద పెట్టింది.

"మా ఆవిడ చేతికి బట్ట దొరికితే ఊరుకోదమ్మా," అన్నాడు భర్త పేపరు మడుస్తూ. "పాప ఎత్తు కొలిచి గోడ మీద గీసిన గీతలు నాలుగేళ్లవి తుడిచేసింది. పిల్ల ఎంత పెరిగిందంటే ఏం చెప్పను, శుభ్రంగా పెరిగింది అని చెప్పాలి."

మామూలు రోజైతే తనూ ఏదో ఒకటి అనేది. ఆ రోజు వంటింట్లోకి వెళ్లి, తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. అతను కాసేపటికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఏమైంది?"

చెప్పింది. గిన్నె వైపు చూస్తూనే చెప్పింది.

"నీకు తెలిసి చేసింది కాదుగా?"

"ఆయనకీ తెలిసి జరిగింది కాదుగా? ఆయన్ని ఎవరూ అలా అనలేదే."

"చెప్పకపోయినా పాఠాలు ఎక్కించేస్తున్నారు కదా, ఇంక నష్టమేముంది?" అని, ఆమె మొహం చూసి ఆగాడు. "సరేలే. నీ ఇష్టం."

మంగళవారం, బుధవారం చేతికి పని తగ్గనివ్వలేదు. ఫోను చేసి చెప్పేద్దామని రెండుసార్లు తీసింది. ఆ ఫోను ఎత్తేది ఆయనే. వినే పుస్తకాల లైబ్రరీ అండీ, అని ఆ గొంతు వినగానే పెట్టేసింది. రెండోసారి పెట్టేసేలోగా ఆయన అన్నారు: "పాఠాలన్నీ ఎక్కాయి, చదివే అమ్మా. మూడు చోట్ల తప్ప. ఆ మూడూ మళ్లీ చదవాలి."

పలకకుండానే ఎలా తెలిసిందో అడగలేదు. వంటింట్లో కుక్కరు కూసింది కాబోలు.

*

గురువారం ఆమె వెళ్లేసరికి పెట్టె గది తలుపు తీసి ఉంది. కంపెనీ మనిషి మోకాళ్ల మీద కూర్చుని కొత్త డిస్కు అట్టపెట్టె విప్పుతున్నాడు. పాతిక, ముప్పై ఏళ్లుంటాయి. కార్యదర్శి వెనక చేతులు కట్టుకుని నిలబడ్డారు. మాస్టారు వసారాలో తన బల్ల దగ్గరే ఉన్నారు, కానీ కుర్చీ అంచున.

"ఎడమ చివరిదండీ!" అంటున్నారు అక్కణ్ణుంచి. "రెండు అని రాసినదాంట్లో చరిత్ర ఉంది. అది పోతే మళ్లీ దొరకదు. చదివిన టీచరుగారే లేరు."

"సార్, తెర మీద రెండు అని ఉంది," అన్నాడు కంపెనీ మనిషి. "అర మీదా రెండు అని ఉంది. ఇంత నీటుగా రాసి పెట్టుకున్నారు, ఇంక అనుమానం ఏంటి?"

"చూశారా మాస్టారూ," అన్నారు కార్యదర్శి. ఆయన గొంతులో విసుగు కన్నా భయమే ఎక్కువుంది. "యంత్రం ఒకటి చెబుతోంది, చీటీ అదే చెబుతోంది. మీ వేలు ఇంకోటి చెబుతోంది. కిందటిసారి మీ మాట విన్నాను. ఈసారి రాసినదాన్ని నమ్మనివ్వండి."

కంపెనీ మనిషి చెయ్యి రెండో అర పిడి మీద పడింది.

"ఆగు నాయనా," అందామె. "ఆ చీటీ అబద్ధం."

ముగ్గురూ ఆగిపోయారు.

"ఆ చీటీలు నావి. ఏ అరలో ఏముందో నాకు తెలీదు. ఎవర్నీ అడగలేదు. ఎడమనుంచి కుడికి ఒకటి రెండు అని రాసుకుంటూ పోయాను, చూడ్డానికి బాగుంటుందని." గది చిన్నది, తన గొంతు తనకే పెద్దగా వినబడింది. అయినా తగ్గించలేదు. వసారాలోకి వినబడాలి. "మాస్టారి గుర్తులు ఉండేవి కార్యదర్శిగారూ. నేను చూశాను. జిగురు చుక్కలు. మరకలనుకుని నేనే గోటితో గీకేశాను. మూడు చుక్కలున్నది కుడి చివర. ఆయన సరిగ్గానే చెప్పారు. తప్పు అర మీద మూడు అని రాసింది నేను."

కార్యదర్శి చీటీల వంక చూశారు. కళ్లజోడు తీశారు, పెట్టుకున్నారు.

ఆమె సంచిలోంచి కాగితం తీసి కంపెనీ మనిషికిచ్చింది. "పాఠాలున్న డిస్కు నంబరు ఇది. సోమవారం మాస్టారు తీసి చెబితే రాసుకున్నా. ఎడమ చివరిది లాగి చూడు. పాఠాలు ఎక్కించేశారు, దాన్ని లాగినా భయం లేదు. నంబరు కలవకపోతే మీ ఇష్టం."

అతను మాస్టారి వైపు చూశాడు. "సార్, ఆ డిస్కుకి పోయే దారి కట్టు విప్పేశారా?"

"పొద్దున్నే విప్పా. లాగు."

ఎడమ చివరి అర టక్కున ఊడి వచ్చింది. పక్క స్క్రూలు నాలుగూ తీసి, డిస్కు వెల్లకిలా తిప్పి, కాగితం పక్కన పెట్టుకుని గట్టిగా చదివాడు. ఒక్కో అక్షరం. చివరికి వచ్చేసరికి మెల్లగా చదివాడు. "నాలుగు. ఏడు. జె. రెండు."

"వెనకనుంచి చదువు," అన్నారు మాస్టారు.

చదివాడు.

కంపెనీ మనిషి కాగితం మడిచి ఆమెకిస్తూ, "వేలితో ఎలా కనుక్కున్నారు సార్?" అన్నాడు మాస్టార్ని. ఆయన మొహం ఆమె వైపే ఉంది.

"గోటితోనా?" అన్నారు.

"అవును."

"ఎంతసేపు పట్టింది?"

"అరగంట."

"నాకు పన్నెండు రోజులు పట్టింది పెట్టడానికి." మామూలుగా అయితే ఈపాటికి ఏదో ఒక జోకు రావాలి. రాలేదు. "నెల రోజులుగా నేనే పిచ్చివాణ్ణేమో అనుకుంటున్నా తెలుసా? ఒకవేళ నేను చుక్కలు పెట్టానని అనుకున్నానేమో, పెట్టనే లేదేమో అని. ఇంట్లో బల్ల తడుముకుని చూశా, అయిపోయిన జిగురు డబ్బా కోసం."

ఆమె తల వంచుకుంది. క్షమించమనే మాట నోటిదాకా వచ్చింది కానీ, ఆ మాట తన కోసమే తప్ప ఆయనకేమీ పనికిరానిదిగా తోచి మింగేసింది.

కార్యదర్శి వసారాలోకి నడిచారు. మాస్టారి ముందు నిలబడి, బల్ల మీది ఫోను రెండు చేతులా ఎత్తారు. తీగ చుట్టచుట్టుకుంటూ, కాలికి అడ్డం పడితే తప్పించుకుంటూ, దాన్ని తన గదిలోకి మోసుకుపోయి, పెన్సిళ్ల పక్కన పెట్టుకున్నారు. అది పెట్టీ పెట్టగానే మోగింది. "వినే... వినే పుస్తకాల లైబ్రరీ అండి," అన్నారు లోపల, కొత్త పిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు.

మాస్టారు అప్పుడు నవ్వారు, శబ్దం లేకుండా. అరచెయ్యి చాచారు. కార్యదర్శి బల్ల మీదున్న తాళంచెవి ఆమె తెచ్చి అందులో పెట్టింది.

*

చుక్కలు ఆమే పెట్టింది. ఆయన పక్కన నిలబడి చెప్పారు, అగ్గిపుల్ల చివరతో, ఎక్కడెక్కడ, ఎంతెంత దూరంలో అని. ఎండాక వేలు పెట్టి చూసి, నాలుగు చుక్కల అర మీది రెండో చుక్క వంకరని మళ్లీ పెట్టించారు. చీటీలు పీకేస్తానంటే వద్దన్నారు. "కళ్లున్నవాళ్లూ బతకాలి కదా. సరిగ్గా రాయండి చాలు."

పడవవాడి నవల మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి పుస్తకం పేరు, చదివినవారు అని చెప్పాక ఆగి, ఇలా అంది: ఈ పుస్తకం రెండోసారి చదువుతున్నాను. మొదటిది పోవడానికి కారణం నేను. పెట్టెను చూసుకునే మనిషి గుర్తులను మురికి అనుకున్నాను. అంతే చెప్పి, మొదటి పేజీ తిప్పింది.

తరవాతి సోమవారం ఆమె వచ్చేసరికి మాస్టారు చెవులకు తొడుక్కున్నవి తీసి అన్నారు: "మొదట్లో ఆ ముక్క కోసేశా. వినేవాళ్లకి పడవవాడి కథ కావాలి. మీ కథ ఎందుకు?"

ఆమె మొహం ఎర్రబడింది. "పారేశారా?"

"నేనెప్పుడైనా ఏదైనా పారేశానా? దాచా."

"ఎక్కడ?"

"పెట్టెలో. ఏ అరో వెతుక్కోండి," అని కీబోర్డు వైపు తిరిగి ఏదో కొట్టారు.

ఆమె పెట్టె ముందుకు వెళ్లింది. సంచి కింద పెట్టి, చెంగుతో వేళ్లు తుడుచుకుని, కళ్లు మూసుకుంది. ఎడమ చివర రెండు చుక్కలు, పాత డిస్కు తీసేసిన ఖాళీ అర. ఫాను గుర్రు తప్ప ఏమీ లేదు. పక్కన నాలుగు. ఒకటి వంకర తీసి తిన్నగా పెట్టినది. అక్కడా లేదు. కథల కోసం కొత్త డిస్కు పెట్టిన మూడో అర, ఒకే ఒక్క చుక్క. ఉంగరపువేలు దాని మీద ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడింది.

ఒకటి, రెండు, మూడు. తన గొంతు వేలి కింద గరగరమంది. ఆగింది.